రెప్పల వెనక మనిషి

వేములవాడలో నేను పనిచేసిన గదికి కిటికీ లేదు. రెండు దుకాణాల మధ్య గోడ కొట్టేసి ఒకటి చేసిన దవాఖాన అది. ముందు మందుల షాపు, దాని వెనక బెంచీలు, బెంచీల వెనక నా గది, ఆ వెనక నాలుగు మంచాలు. బయటికి పోవాలంటే రోగుల మధ్యలోంచే పోవాలి. చాయ్ తాగుదామని లేచినా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకునేవారు. మా బాపు మందమర్రిలో బొగ్గు బాయి పని చేశాడు. ఆ చీకట్లోకి నేను దిగకూడదనే నన్ను డాక్టర్ చదివించాడు. ట్యూబులైటు కింద కూర్చుని, ఆయనకైతే షిఫ్టు అయిపోయాక పైకి రావడమన్నా ఉండేది కదా అనుకునేవాణ్ణి. ఆ పోలిక తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

పెద్ద చదువుకు సీటు రాలేదు. మళ్ళీ పరీక్ష రాసేదాకా అని ఆ దవాఖానలో చేరాను. రాస్తూనే ఉన్నాను, చేస్తూనే ఉన్నాను. జ్వరాలు, విరేచనాలు, దమ్ము, రాజన్న గుడిలో మొక్కు కోడెను కడుతుంటే అది తన్ని మోకాలు వాచినవాళ్ళు, సాంచాల మీద పనిచేస్తూ వేలు నలిగినవాళ్ళు. మరమగ్గాలను అక్కడ సాంచాలనే అంటారు. ప్రాణం మీదికి వచ్చింది కాకపోయినా, రేపటిదాకా ఆగలేని బాధలన్నీ మా బెంచీల మీదికి వచ్చేవి. వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి కావలసింది సూది. ఒక ముసలాయనకు మామూలు జలుబు, గోలీలు చాలన్నాను. ఆయన కదల్లేదు.

"గోలీలు మా ఇంట్ల డబ్బెడున్నయ్ సారూ. సూది లేకనే గింత దూరం వచ్చిన."

"సూది నొస్తది పెద్దయ్యా."

"నొస్తేనే గద పన్జేసినట్టు ఎరుకయ్యేది!"

బెంచీల మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వి సూది వేశాను. అట్లా వేస్తూ వేస్తూ నేను పాడయ్యాను. గ్యాస్, సర్ది, వైరల్, వీక్‌నెస్, టెన్షన్. ఈ ఐదు మాటల్లో ఊరి రోగాలన్నీ సర్దేసేవాణ్ణి. మనిషి స్టూలు మీద కూర్చోకముందే రోగం పేరు నా నోట్లో తయారుగా ఉండేది. ఎక్కువసార్లు అది ఒప్పే అయ్యేది కూడా. నన్ను చెడగొట్టింది అదే. తప్పయినవాళ్ళు మళ్ళీ నా దగ్గరికి రారు కదా, నాకెట్లా తెలుస్తుంది?

వానాకాలంలో ఒక సోమవారం పొద్దున ఆటోలో ముగ్గురు వచ్చారు. సాంచాల మీద పనిచేసే ఒకతను, బీడీలు చేసే అతని భార్య, అతని తల్లి. సోమవారమంటే గుడికి వచ్చే జనంతో మా బెంచీలు కూడా నిండిపోతాయి. భార్య కడుపు పట్టుకుని వంగి నడుస్తోంది. ముప్పై కూడా ఉండవు ఆమెకు.

"కడుపుల నొస్తుంది సారు. తెల్లారగట్ల నుంచి. గొంతు గూడ పట్టేసినట్టున్నది, మింగవడతలేదు."

"రాత్రి ఏం తిన్నవమ్మా?"

ఆమె నోరు తెరిచేలోపు భర్త అందుకున్నాడు. "ఏం తినలే సార్. అలిగి పండుకున్నది."

వెనక నిలబడిన అత్త ముందుకు వంగింది. "కింద పండుకున్నది బిడ్డా. ఏదన్న పురుగు ముట్టిందేమో జర సూడు."

నేను ఆమె చేతులూ కాళ్ళూ పైపైన చూశాను. దద్దు లేదు, వాపు లేదు, కందిన చోటు లేదు.

"పురుగు కుడితే మచ్చ ఉంటది గదా అవ్వా. ఇది గ్యాస్. ఖాళీ కడుపుతోని పండుకుంటే గిట్లనే అయితది."

మా దిక్కు పామును పేరు పెట్టి పలకరు. పేరెత్తితే ఇంటికి వస్తుందని భయం. పురుగు అంటారు. కరిచింది అనరు, ముట్టింది అంటారు. ఇది నాకు తెలియని సంగతి కాదు. మందమర్రి కాలనీలో మా అవ్వ కూడా వానాకాలమంతా అట్లనే అనేది. కట్లపాము కరిస్తే చాలాసార్లు మచ్చ కనబడదని, నొప్పి కూడా ఉండదని, పొద్దున కడుపునొప్పితో మొదలవుతుందని చదువుకున్నాను, పరీక్షల్లో రాశాను కూడా. ఆ పొద్దున ఆ పెద్దామె నాకు పాము అనే చెప్పింది. నా భాషలోనే చెప్పింది. నేను చీమో కందిరీగో విన్నాను. నా నోట్లో అప్పటికే గ్యాస్ ఉంది మరి.

గ్యాస్ సూది రాసి వెనక మంచం మీద పడుకోబెట్టమన్నాను. కాసేపటికి సిస్టర్ వచ్చింది. "సార్, ఆమెకు మనుషులు రెండు రెండు కనవడుతుండ్రట." నేను ఇంకొకరి గొంతులోకి టార్చి కొట్టి చూస్తున్నాను. తల తిప్పలేదు. "వీక్‌నెస్. ఒక సెలైన్ పెట్టు," అన్నాను.

తర్వాత భర్త వచ్చాడు. మాట్లాడుతలేదు, కండ్లు తెరుస్తలేదు అన్నాడు. విసుక్కుంటూనే వెళ్ళాను. ఆమె వెల్లకిలా పడుకుని ఉంది. రెప్పలు మూసుకుని ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. నాడి చూస్తే బాగానే కొట్టుకుంటోంది. బీపీ బాగుంది.

"ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా?" అని అడిగాను.

అతను చెప్పడానికి జంకి, తర్వాత ఒక్కసారే చెప్పాడు. మస్కట్‌కు వీసా వచ్చిందట. పోతానంటే ఈమె వద్దంటుందట. రాత్రి దాని మీదే గొడవ. "పోయినసారి నేను పోయే ముంగట గూడ గిట్లనే పడిపోయింది సార్. గప్పుడు రెండు గోలీలేస్తే లేచింది."

నాకు కావలసింది దొరికింది. ఐదో మాట, టెన్షన్. రొమ్ము ఎముక మీద పిడికిలి కణుపులతో గట్టిగా నొక్కాను. ఘాటైన మందులో ముంచిన దూదిని ముక్కు దగ్గర పెట్టాను. నాటకమాడేవాళ్ళను లేపడానికి మేమందరం చేసే పనులే ఇవి. ఏ పుస్తకంలోనూ ఉండవు, పెద్ద డాక్టర్లు చేస్తుంటే చూసి నేర్చుకుంటాం. ఆమె కదల్లేదు.

"ఏం లేదు. నకరాలు చేస్తుంది," అన్నాను, ఆమె తల మీదనే నిలబడి, అందరికీ వినబడేటట్టు. "ఒక్కదాన్నే ఇడిచిపెట్టుండ్రి. ఆకలైతే ఆమెనే లేస్తది."

అతని ముఖంలో పెద్ద బరువు దిగినట్టయింది. భార్యకు ఏమీ కాలేదన్న నిమ్మళం కావచ్చు. తనదే ఒప్పన్న నిమ్మళం కూడా కావచ్చు. మంచం మీదికి వంగి, "లే ఇగ. నలుగుట్ల ఇజ్జత్ తీస్తున్నవ్," అన్నాడు. నేను నా గదికి వచ్చేశాను.

ఎంతసేపయిందో చెప్పలేను. గదిలో ఇద్దరున్నారు, తలుపులో నలుగురు ఉన్నారు. వాళ్ళను నెట్టుకుంటూ పెద్దామె వచ్చి నా భుజం పట్టి గుంజింది.

"నోట్లకెల్లి సొంగ కారుతున్నది బిడ్డా. తుడిస్తే మళ్ళ కారుతున్నది. నువ్వు లే జర."

లేచాను. ఈసారి మంచం దగ్గరికి పోయి రెండు బొటనవేళ్ళతో ఆమె రెప్పలు పైకెత్తాను. మొదటిసారే చేయాల్సిన పని అది. రెప్పల వెనక కళ్ళు కదలడం లేదు. ఎటూ చూడలేక ఒకే చోట నిలిచిపోయాయి. కానీ ఆ కళ్ళలో మనిషి ఉంది. రెండు కళ్ళ కొసల నుంచీ నీళ్ళు చెవుల్లోకి కారి ఉన్నాయి. రొమ్ము లేస్తోందా లేదా అన్నంత మెల్లగా లేస్తోంది. వేలికి మిషన్ పెడితే ఆక్సిజన్ అంకె పడిపోతోంది.

పెద్దామె వైపు తిరిగాను. "అవ్వా, పురుగంటే... పామా?"

"పేరెత్తకు!" అని ఆమె నా నోటి ముందర చెయ్యి పెట్టింది. "పొద్దుగాల్నే చెప్తి గద బిడ్డా."

మా దగ్గర విరుగుడు మందు లేదు. ఊళ్ళోని సర్కారు దవాఖానకు చేర్చాము. అక్కడ మందు ఎక్కించడం మొదలుపెట్టారు, గొంతులోకి గొట్టం వేశారు. ఊపిరి మిషన్ కోసం కరీంనగర్ పోవాలన్నారు. అప్పటిదాకా చేతితో సంచి నొక్కి ఊపిరి పొయ్యాలి. నేను పోతానన్నాను. నన్నెవరూ అడగలేదు.

అంబులెన్సులో ఆమె తల నా మోకాళ్ళ దగ్గర. నా రెండు చేతులూ ఆ రబ్బరు సంచి మీద. నొక్కాలి, వదలాలి, నొక్కాలి. ఆపితే ఆమె ఊపిరి ఆగుతుంది. వాన కొడుతోంది, అద్దాల మీద ఆవిరి పట్టి బయట ఏ ఊరు పోతోందో కూడా తెలియడం లేదు. ఎదురుగా, నా మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేటట్టు ఆమె భర్త. తల తిప్పుకోవడానికి కూడా చోటు లేదు.

"సార్, మీరు కనిపెట్టవట్టి. లేకుంటే ఖతమయ్యేది."

నేను సంచి నొక్కాను.

"మా అవ్వ ఊకె ఏదో అంటదని నేను పట్టించుకోలే. మీరు కండ్లు తెరిచి చూసిండ్రు గద, గప్పుడే చెప్పిండ్రు." అతను భార్య కాళ్ళ మీద దుప్పటి సరిచేశాడు. "నేనే పాపిష్టోన్ని సార్. నకరాలనుకున్న. తిట్టిన."

నకరాలు అన్నది నేను. అతను దాన్ని తన మాట చేసుకుని మోస్తున్నాడు. నా ముందర ఏడుస్తున్నాడు. ఒక్క వాక్యం చాలు. అది మొదట అన్నది నేను, నన్ను నమ్మి నువ్వు తిట్టినవు. చెయ్యి ఖాళీ లేదు కాని నోరు ఖాళీగానే ఉంది. ఇది సమయం కాదు, ముందు ఆమె బతకాలి, ఇతనికి ధైర్యం చెడగొట్టకూడదు అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నాకు ఆ బండి తలుపు తీసి వానలోకి దూకాలనిపించింది. దూకలేను కాబట్టి నొక్కుతూ కూర్చున్నాను. కరీంనగర్ రానే రాదేమో అనిపించింది. వచ్చాక మిషన్ పెట్టి నా చేతుల్లోంచి సంచి తీసుకున్నప్పుడు వేళ్ళు విచ్చుకోలేదు.

ఆమె బతికింది. చాలా రోజులు మిషన్ మీద ఉండి, తర్వాత ఒక రెప్ప, తర్వాత రెండో రెప్ప, తర్వాత వేళ్ళు. భర్త ఫోన్ చేసి ప్రతిదీ చెప్పేవాడు. వీసా గడువు పోయిందని, ఫికర్ లేదని కూడా చెప్పాడు. ఫోన్ మోగితే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఎత్తకుండా ఉండలేను, ఎత్తితే దండాలు వినాలి.

అతను నాకు చెప్పడంతో ఆగలేదు. ఊరంతా చెప్పాడు. పురుగు ముడితే పొద్దు గడపొద్దు, ఆ సారు దగ్గరికి పోతే కండ్లు చూసి చెప్తడు అని. హుస్నాబాద్ నుంచి కూడా పాము కరిచిన ఒక రైతును తెచ్చారు. దవాఖాన పెట్టినాయన సంతోషపడి విరుగుడు మందు తెప్పించి పెట్టాడు. ఒకందుకు మంచిదే. కానీ ఆ పేరు నా మెడకు పడింది. ఎవరైనా "మీరే గద సార్, గామెను బతికిచ్చింది?" అంటే తల ఊపేవాణ్ణి. ఊపిన ప్రతిసారీ చెప్పాల్సిన మాట ఇంకా లోపలికి పోయేది. ఆదిలాబాద్ దిక్కు ఎక్కడైనా పని దొరుకుతుందా అని కూడా వెతికాను. పారిపోవడానికి ఇంకో పేరు పెట్టుకున్నానంతే.

చలి మొదలైనాక వాళ్ళు ముగ్గురూ మళ్ళీ వచ్చారు. రాజన్నకు మొక్కు తీర్చుకుని, కోడెను కట్టేసి, అట్నుంచే వచ్చారట. భర్త గుమ్మంలోనే చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. దవాఖానలోకి చెప్పులు విడిచి వచ్చేవాళ్ళు తక్కువ. "సారు కాళ్ళు మొక్కు," అన్నాడు భార్యతో. నేను వద్దు వద్దంటూ కుర్చీ వెనక్కి జరిపాను. గోడ తగిలింది.

ఆమె మొక్కలేదు. స్టూలు మీద కూర్చుంది. గొంతులో గొట్టం వేసిన బొంగురు ఇంకా పోలేదు.

"నువ్వు జర బయటుండు," అంది భర్తతో. "సారుకు ఆడోళ్ళ సంగతి చెప్పేదున్నది."

అతను వెళ్ళాడు. తలుపు మూసుకుంది. ఆమె నన్ను సూటిగా చూసింది. ఆ కళ్ళను నేను బొటనవేళ్ళతో తెరిచి చూశాను. ఇప్పుడు అవే నన్ను చూస్తుంటే ఎక్కడ చూడాలో తెలియలేదు.

"నాకన్నీ ఇనవడ్డయ్ సారు."

నేను చేతిలోని పెన్ను కింద పెట్టాను.

"కండ్లు తెరుద్దమంటె రెప్ప లేస్తలేదు. నోరు తెరుద్దమంటె నాలుక నాది కానట్టున్నది. మీరు నకరాలన్నరు. లోపల్నే ఒర్రుతున్న, కాదు సారూ, కాదు సారూ అని. ఎవలకినవడుతది?"

"నాది తప్పమ్మా," అన్నాను. ఇన్ని రోజులు మోసిన మాట అంత చిన్నగా బయటికి వచ్చింది.

"తప్పని నాకెందుకు చెప్పుడు? నాకెరుకే గద." ఆమెలో కోపం కన్నా అలసటే ఎక్కువ కనబడింది. "ఇంటికాడ ఇప్పటికీ ఏదన్న నొస్తుందంటె ఫస్టు ఆయన మొఖం చూస్త. నమ్ముతుండా, లేదా అని. మొన్న జరమొస్తె రెండు రోజులు చెప్పలే. మళ్ళ నకరాలంటరేమోనని. గా మాట పెట్టింది మీరు. మీరే తీసెయ్యాలె."

జ్వరం వచ్చినా చెప్పలేదన్న మాట దగ్గర నాకు అర్థమైంది. విషం దిగింది కానీ నేను అన్నది దిగలేదు. ఈసారి మళ్ళీ ఏదన్నా అయితే ఆమె నోరు తెరవదు. రెప్పలు బాగానే లేస్తాయి, నోరు మాత్రం నేను మూసిపెట్టాను. ఆమె ప్రాణం ఇంకా నా మాట కిందనే ఉంది.

భర్తను లోపలికి పిలిచాను. అత్త కూడా వచ్చింది. తలుపు మూద్దామనుకున్నాను కాని వెనకనే సూది కోసం వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. పొమ్మనలేదు.

"ఆ రోజు మీ అవ్వ పురుగని చెప్పింది. నేను సరిగ్గ వినలే. గ్యాస్ అన్న. రెండు రెండు కనవడుతున్నయంటె వీక్‌నెస్ అన్న. కండ్లు తెరుస్తలేదంటె నకరాలన్న. మూడు మాటలు తప్పే. నీ భార్య ఏ నకరాలు చెయ్యలే."

అతను నవ్వబోయాడు. "గదేంది సార్. మీరు లేకుంటే..."

"నేను సరిగ్గ చూసి ఉంటే మిషన్ దాకా పోయేది కాదేమో."

నవ్వు సగంలో ఆగిపోయింది. అతను నన్ను చూశాడు, భార్యను చూశాడు. "అంటే, గప్పుడే మందు పడితే..."

"మంచిగుండేది. చెప్పలేను కాని మంచిగనే ఉండేది."

గుమ్మంలోంచి ఎవరో "ఏమాయె, ఏమాయె" అని గుసగుసలాడుతున్నారు. అతను ఒక అడుగు వేస్తే నాకూ తలుపుకూ మధ్య నిలబడతాడు. కొడతాడనే అనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

"గంత దూరం," అన్నాడు. "గంత దూరం బండ్ల మీ ముంగట ఏడిస్తి గద సార్. ఒక్క మాట చెప్పకపోతిరి."



"చెప్పలే," అన్నాను. "భయపడ్డ."

పెద్దామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. అతను భార్య వైపు తిరిగాడు, స్టూలు పక్కన నేల మీద కూలబడ్డాడు. ఆమె అతన్ని చూడటం లేదు. నన్నే చూస్తోంది. ఇంకా ఉందన్నట్టు చూస్తోంది.

"ఇంకోటి మీరు చెప్పలే సారు," అంది.

నాకు నిజంగా గుర్తు రాలేదు. రొమ్ము మీద నొక్కిన సంగతా, దూది సంగతా అని అడిగాను.

"గవి కావు. నా చెయ్యి."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పొద్దున ఆమె చెయ్యి ఎత్తి ఆమె ముఖానికి సరిగ్గా పైన పట్టుకుని వదిలేశాను. నాటకమాడేవాళ్ళయితే చెయ్యి ముఖం మీద పడనివ్వరు, పక్కకు పడేసుకుంటారు. ఆమె చెయ్యి నేరుగా ముఖం మీద పడింది. గాజు పెదవికి తగిలింది. నకరాలు కాదని అక్కడే, నా కళ్ళ ముందే తేలిపోయింది. నేను దాన్ని చూసి కూడా "నాటకం గట్టిగనే పట్టింది" అని నవ్వాను. సిస్టర్ కూడా నవ్వింది. ఇన్ని నెలలు ఆ రోజును ఎన్నిసార్లు తలుచుకున్నానో, ఒక్కసారి కూడా అది లోపలికి రాలేదు. రానివ్వలేదేమో.

ఆమె పెదవి మీద చిన్న గీత ఉంది.

"చెప్పుండ్రి సారు," అంది. "ఆయన ఇంటడు."

నేల మీద కూర్చున్న అతని వైపు తిరిగి, ఆ చెయ్యి సంగతి మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను.